సోమవారపు పచ్చ టిక్కు

బాగేపల్లిలో నాన్న కిరాణా అంగడి మీది గదిలో కూర్చుని, బెంగళూరు జీతంలో సగానికి పనిచేసే మంజుశ్రీని చూసి, సొంత ఊరి మీద ఎంత ప్రేమో అని మెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రేమా లేదు, గీమా లేదు. ఐదేళ్ళపాటు రోజుకు నాలుగు గంటలు బెంగళూరు బస్సుల్లో నిలబడింది. ఆరో ఏడు నిలబడలేక వచ్చేసింది. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు అబ్బిన విద్యతోనే ఇప్పుడు చిన్న చిన్న సంస్థలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిపెడుతోంది. మండికల్‌లో ఒక పాల డెయిరీ, గుడిబండలో ఒక బడి, చింతామణిలో ఆంజనప్ప టమాట మండి. వయసు ముప్పై ఒకటి. మాట తక్కువ, విసుగు ఎక్కువ. తను రాసిన ప్రోగ్రాములో తప్పుందని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు అనే మాట "మీ నెట్ చూసుకోండి." ఆ వృత్తిలో అందరూ అనేదే.

ఈసారి మూడు వారాలు అదే మాట అంది. ఆ మాట పట్టుకుని కూర్చున్నందుకు ఒక మనిషి పని, పరువు రెండూ పోయే దాకా వచ్చింది.

ఆంజనప్ప మండిలో వేలం ఇలా నడుస్తుంది. తెల్లారేసరికి రైతుల బాక్సులు వరుసలుగా పేర్చి ఉంటాయి. ఒక్కో రైతు సరుకుకు ఒక్కో లాటు నంబరు. ఆంజనప్ప మైకు పట్టుకుని ధర పాడుతూ నడుస్తాడు, వ్యాపారస్తులు వెంట నడుస్తూ పెంచుతారు. పాట ఆగిన చోట మండి గుమాస్తా మునిరత్నమ్మ ట్యాబ్‌లో లాటు నంబరు, ధర, కొన్నవాడి పేరు కొట్టి నొక్కుతుంది. పేజీ కదలదు, మారదు. వెనకనుంచి ఒక చీటీలాంటిది ఎక్కడో ఉన్న సర్వరుకు పోతుంది. లాటు పక్కన పచ్చ టిక్కు పడుతుంది, రైతు ఫోనుకు మెసేజి వస్తుంది. ట్యాబ్‌లో కనబడేదంతా గోడమీది పెద్ద టీవీలోనూ కనబడుతుంది. ఆ టీవీ పెట్టి నెల అయింది.

మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒక్క చీటీ తప్పిపోయేది కాదు. సోమవారం మాత్రం మొదటి అరగంటలో పాడిన లాట్లు మాయమయ్యేవి. టిక్కు పడేది, మెసేజి వచ్చేది కాదు. సాయంత్రం పేజీ తెరిచి చూస్తే ఆ లాట్లు అసలు పాడనట్టే ఉండేవి. రైతు ఒక ధర చెప్పేవాడు, కొన్నవాడు ఇంకో ధర చెప్పేవాడు. ఇద్దరి మధ్యా సాక్ష్యం మునిరత్నమ్మ వేలు ఒక్కటే.

ఆ వేలు పద్దెనిమిదేళ్ళు అదే మండిలో కాగితాల మీద చీటీలు రాసింది. ఒక్క రైతు నోరెత్తలేదు. ట్యాబ్ వచ్చి రెండేళ్ళు. మూడో సోమవారం సోమేనహళ్ళి రైతు అమరేష్ నోరెత్తాడు. అతని అరవై బాక్సులు కొన్నది గురుప్రసాద్ అనే వ్యాపారస్తుడు, మునిరత్నమ్మకు చిన్నమ్మ కొడుకు.

"తమ్ముడు కొన్న లాటే ఎట్ల పోతాదమ్మా?" అన్నాడు అమరేష్, మండి మొత్తానికీ వినబడేలా. "నీ ట్యాబ్‌కి కూడా చుట్టరికం తెలుసునా?"

నలుగురు నవ్వారు. ఆ రోజు పోయిన ముప్పై రెండు లాట్లలో గురుప్రసాద్ కొన్నవి నాలుగే. ఆ సంగతి ఎవరూ లెక్కపెట్టలేదు. చుట్టరికం ఎదురుగా కనబడుతుంటే లెక్క ఎవరికి కావాలి?

ఆ సాయంత్రం ఆంజనప్ప మంజుశ్రీకి ఫోన్ చేశాడు. "అమ్మా, ఇంగొక్క సోమవారం చూస్తా. అప్పుడూ ఇట్లే అయితే ఆయమ్మను ఇంటికి పంపించేస్తా. నేనేమీ ఆమె దొంగ అనలేదు. నాకు మండి నడవాల, అంతే."

దొంగ అనకుండా దొంగను చేయడం ఎలాగో ఆయనకు తెలుసు.

తర్వాత మునిరత్నమ్మే చేసింది. "మంజూ, నేను తుడిచేసింటే నీకు తెలుస్తాదా?"

"తెలుస్తాదమ్మా. తుడిస్తే తుడిచినట్ల గుర్తు ఉంటాది. అట్లాంటిది ఏమీ లేదు. అసలు ఆ చీటీలు వచ్చినట్లే లేదు."

"మరి ఆ మాట వాళ్ళకు చెప్పు."

"చెప్తే నమ్ముతారా? కనిపెట్టి చూపిస్తాను. సరే, ఇది చెప్పు. సోమవారం మీరు ఏమన్నా వేరేగా చేస్తారా?"

"ఏమీ లేదే. ఎప్పుడూ చేసేదే."

ఎప్పుడూ చేసేదే అంది కాబట్టి మంజుశ్రీ మళ్ళీ నెట్ మీద పడింది. అంతకుముందే కొత్త సిమ్ వేయించింది. టీవీ నెట్‌ను తినేస్తోందేమోనని దానికి వేరే సిమ్ పెట్టించింది. సోమవారం సంతకు జనం ఎక్కువ, టవరు మీద బరువు ఎక్కువేమో అని కూడా ఆలోచించింది. ఏదీ నిలవలేదు. టవరే కారణమైతే ఎనిమిది గంటలకు జనం ఇంకా పెరుగుతారు, అప్పుడెలా బాగుపడుతుంది?

ఆదివారం మధ్యాహ్నం, నాన్న కింద అంగడి మూసి భోజనానికి వచ్చిన వేళ, తను రెండేళ్ళ కిందట రాసిన ప్రోగ్రామును వరుస వరుసా చదువుతూ ఒక చోట ఆగిపోయింది. చీటీ చేరకపోతే మూడుసార్లు మళ్ళీ పంపాలి. మూడుసార్లూ చేరకపోతే ఏం చేయాలి? అక్కడ ఏమీ రాసి లేదు. ఊరుకోమని అర్థం. పచ్చ టిక్కేమో, సర్వరు జవాబుతో పనిలేకుండా, వేలు తగిలిన క్షణమే పడేలా రాసి ఉంది.

అలా ఎందుకు రాసిందో గుర్తుంది. మొదటి వారంలో టిక్కు ఒక క్షణం ఆలస్యమైతే పాట ఆగిపోయేది. "గబగబా పడాలమ్మా," అన్నాడు ఆంజనప్ప. "ఎర్ర గుర్తులు అసలొద్దు, రైతులు బెదురుతారు." పది నిమిషాల్లో మార్చి ఇచ్చింది. డబ్బులిచ్చేవాడు అడిగితే మార్చి ఇవ్వడమే పని అనుకుంది.

మునిరత్నమ్మ చూపించే పచ్చ టిక్కు సాక్ష్యమే కాదు. అది మంజుశ్రీ ఆడిన అబద్ధం. అయితే అబద్ధం ఎక్కడుందో తెలిసింది గానీ చీటీలు ఎందుకు చేరడంలేదో తెలియలేదు. బాగేపల్లిలో కూర్చుంటే తెలియదు కూడా.

సోమవారం తెల్లవారుజామున స్కూటర్ తీసింది. చేళూరు మీదుగా చలిలో వణుకుతూ ఆరుంబావుకు చింతామణి మండి గేటు దాటింది. బాక్సుల వరుసలు అప్పటికే షెడ్డు దాటి బయటికి వచ్చాయి. మునిరత్నమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"వచ్చినావా?" అంది. "ఈ పొద్దుతో నా కథ ముగుస్తాదేమో, చూసిపోదువు."

"కూర్చోమ్మా ముందు."

మంజుశ్రీ ఒక బాక్సు బోర్లించి కూర్చుని, ట్యాబ్‌ను వైరుతో తన లాప్‌టాప్‌కు తగిలించింది. ట్యాబ్ పంపే ప్రతి చీటీ ఇప్పుడు లాప్‌టాప్ తెర మీద ఒక వరుసగా కనబడుతుంది. జవాబు వస్తే నల్లగా, రాకపోతే ఎర్రగా. వచ్చిన సరుకు వివరాలు మునిరత్నమ్మ ఎక్కిస్తోంది. వరుస, వరుస, వరుస. అన్నీ నలుపే. రైతులు అటూ ఇటూ పోతూ ఇద్దరినీ చూస్తున్నారు. అమరేష్ ఒకసారి వచ్చి, "ఏమి ఇంజనీరమ్మా, కాపలాకు వచ్చినావా?" అని పోయాడు. మునిరత్నమ్మ తల ఎత్తలేదు.

ఆంజనప్ప స్నానం చేసి, విభూతితో, అగరొత్తుల వాసనతో వచ్చాడు. ట్యాబ్‌ను రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాడు, మూలన ఇంత కుంకుమ పెట్టాడు, తెర మీద ఏదో నొక్కి బల్ల మీద పెట్టి టీ చెప్పడానికి వెళ్ళాడు. మంజుశ్రీ లాప్‌టాప్‌నే చూస్తోంది.

మునిరత్నమ్మ తొండేభావి రైతు సరుకు ఎక్కించి నొక్కింది. ట్యాబ్‌లో పచ్చ టిక్కు. లాప్‌టాప్‌లో ఎరుపు. మళ్ళీ ఎరుపు. మళ్ళీ ఎరుపు. తర్వాత నిశ్శబ్దం.

మంజుశ్రీ ఎర్ర వరుస మీద నొక్కి చూసింది. సర్వరు ముందు కాపలా ఒకటి ఉంటుంది. అది చీటీని లోపలికి రానివ్వకుండా వెనక్కి తోసింది. తోస్తూ కారణం కూడా చెప్పింది: చీటీ మీది సమయం తప్పు, పావుగంట కన్నా ఎక్కువ తేడా ఉంది. గుమ్మం దగ్గరే తోసేసినవి కాబట్టే మంజుశ్రీ లోపల ఎంత వెతికినా జాడ దొరకలేదు.

లాప్‌టాప్ మూలన చూసింది. 6:53. ట్యాబ్ మూలన చూసింది. 7:13.

"అమ్మా, దీంట్లో టైము ఎవరు మార్చినారు?"

"ఆంజనప్పే. ఇప్పుడే గదా తిప్పిపెట్టి పోయె."

"ఎందుకు?"

మునిరత్నమ్మ ఆమెను వింతగా చూసింది. "సోమవారం గదా."

సోమవారం ఏడున్నరకు రాహుకాలం మొదలవుతుంది. మొదటి పాట ఆ లోపల పడాలి. వ్యాపారస్తులేమో గేటు దగ్గర టీ వదిలి రారు. అందుకని సోమవారాలు గడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పడం ఆంజనప్ప తండ్రి నాటి ఏర్పాటు. తిప్పుతారని అందరికీ తెలుసు, తెలిసీ ముల్లు చూడగానే పరుగెత్తుకొస్తారు. పాట ఊపందుకున్నాక మళ్ళీ వెనక్కి తిప్పేస్తారు, లారీల గేటు చీటీల మీద సరైన టైము పడాలి కదా. టీవీ వచ్చాక గోడ గడియారం తీసేశారు. ఇప్పుడు అందరూ చూసే గడియారం టీవీలోది, అంటే ట్యాబ్‌లోది.

"నేను అడిగితిని గదమ్మా," మంజుశ్రీ గొంతు లేచింది, "సోమవారం వేరేగా ఏమి చేస్తారని! ఏమీ లేదంటివి."

"దీంట్లో వేరే ఏముండాది? నేను పనికొచ్చినప్పటి నుంచీ చేసేదే. గడియారం సంగతి నువ్వు అడిగినావా?"

అడగలేదు. సిమ్ అడిగింది, వైరు అడిగింది, టవరు అడిగింది. ఆ ఏర్పాటు మూఢత్వమా కాదా అని వాదించే తీరిక ఇప్పుడు ఆమెకు లేదు. ఇరవై నిమిషాలు తిప్పారు, గుమ్మం పావుగంటకు మించి ఒప్పుకోదు. పది నిమిషాలే తిప్పి ఉంటే ఈ గొడవే లేదు.

టైము సరిచేయడానికి ట్యాబ్ మీదికి చెయ్యి చాచింది. మునిరత్నమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆగు. నువ్వు సరిచేస్తే ఏమైతాది?"

"అన్ని లాట్లూ చేరతాయి. ఒక్కటీ పోదు."

"పోకపోతే అమరేష్ ఏమంటాడు? ఈ పొద్దు ఇంజనీరమ్మ పక్కన కూర్చున్నాది, అందుకే ఆయమ్మ చెయ్యి ఆడలేదు అంటాడు." పట్టు బిగిసింది. "ఇది ఊరికే సరైపోతే నేను దొంగనే, మంజూ. వాళ్ళు చూస్తాండగా చెడాల."

మంజుశ్రీకి ఇది తట్టనేలేదు. సరిచేసి, "నెట్ ప్రాబ్లమ్, ఇప్పుడు బాగుంది" అని ఒక మాట చెప్పి, మధ్యాహ్నానికి బాగేపల్లి చేరుకోవచ్చు. ఎవరూ టిక్కు గురించి అడగరు. ఎన్నోసార్లు అలాగే చేసింది. కానీ వాళ్ళ ముందు చెడగొట్టి చూపిస్తే, టిక్కు ఎందుకు పడిందో కూడా చెప్పాలి. ఈ మండి పని పోతే, తర్వాత డెయిరీ, బడి. ఈ జిల్లాలో మాట లారీల మీద తిరుగుతుంది.

టీ గ్లాసుతో ఆంజనప్ప వచ్చాడు. ఇద్దరూ చెప్పింది విన్నాడు. మొహం నల్లబడింది.

"ఇప్పుడొద్దమ్మా. ఏడున్నర లోపల పాట పడాల. అంతా అయినాంక నింపాదిగా చెప్పుదువు."

"అయినాంక ఎవరుంటారప్పా?" అంది మునిరత్నమ్మ. "సరుకు లారీకెక్కిస్తారు, మనుషులు బస్సెక్కుతారు. నన్ను దొంగ అన్నప్పుడు మండి నిండా జనం ఉండారు. దొంగ కాదు అన్నప్పుడూ ఉండాల."

"నేను అన్నానా ఆ మాట?"

"కాదన్నావా?"

టీవీలో 7:25 అయింది. గేటు దగ్గర గ్లాసులు దించిన చప్పుడు. వ్యాపారస్తులు గబగబా షెడ్డులోకి వస్తున్నారు, గురుప్రసాద్ అందరికన్నా ముందు. ఆంజనప్ప మైకు అందుకోబోయాడు. అది అప్పటికే మంజుశ్రీ చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు.

"ఒక్క నిమిషం," అంది. మైకులో తన గొంతు తనకే పరాయిగా వినబడింది. "అమరేషప్పా, ఇట్ల రాండి. పోయిన సోమవారం పోయిన మీ లాటును మళ్ళీ మీ చేత్తోనే కొట్టండి."

"నాకెందుకమ్మా ఈ నాటకాలు?" అంటూనే వచ్చాడు. జనం వంగి చూస్తున్నారు. అతను ఒక్కో అంకె వెతుక్కుని కొట్టి, నొక్కాడు. టీవీ మీద అంత పెద్ద పచ్చ టిక్కు పడింది.

"ఇప్పుడు మీ ఫోను తీయండి. మెసేజి వచ్చినాదా?"

తీశాడు. చూశాడు. ఆడించాడు. "రాలేదు."

"టిక్కు పడింది గదా?"

"పడింది."

"తుడిచింది ఎవరు? నొక్కింది మీరే."

మంజుశ్రీ ట్యాబ్ తీసుకుని టైము సరిచేసింది. టీవీలో 7:26 కాస్తా 7:06 అయింది. వెనక ఎవరో గట్టిగా, "మన టీ పాయె గదప్పా!" అన్నాడు. నవ్వులు.

"మళ్ళీ కొట్టండి."

కొట్టాడు. అదే పచ్చ టిక్కు. రెండు క్షణాలకు అతని చేతిలో ఫోను మోగింది. ఆ చప్పుడు మైకులో కూడా వినబడింది.

"సోమవారం గడియారం తిప్పుతారు. టైము తప్పుంటే సర్వరు చీటీ తీసుకోదు," అంది మంజుశ్రీ. ఇక్కడితో ఆపేయవచ్చు. "కానీ చేరని చీటీకి కూడా ఈ పచ్చ టిక్కు పడేటట్ల రాసింది నేను. జవాబు వచ్చినాంకే పడాల. నేను ముందే పడేటట్ల పెట్టినాను. మునిరత్నమ్మది ఏ తప్పూ లేదు."

"అంటే," అన్నాడు అమరేష్ మెల్లగా, "మూడు వారాలు మాకు అబద్ధం చెప్పింది ఈ పలకనా?"

"నేనే."

"చదువుకున్నోళ్ళు అబద్ధం చెప్పినా పచ్చగా చెప్తారు!" అన్నాడెవరో. ఈసారి నవ్వు మంజుశ్రీ మీద. కదలకుండా నిలబడింది.

మైకు ఆంజనప్పకు ఇవ్వబోతే, మునిరత్నమ్మ మధ్యలో అందుకుని ఆయన నోటి ముందు పెట్టింది. ఇవ్వలేదు, పట్టుకుని నిలబడింది. ఆయన జనాన్ని చూశాడు, తన చేతులు చూసుకున్నాడు.

"గడియారం తిప్పింది నేనే," అన్నాడు చివరికి. "ఎర్ర గుర్తు వద్దన్నదీ నేనే. ఆయమ్మకు ఏమీ తెలీదు. చాలునా? ఇంగ పాట మొదలు పెడదాం, టైము పోతాండాది."

"ఇంకొకటి ఉండాదప్పా," అంది మునిరత్నమ్మ. మైకు అమరేష్ వైపు తిప్పింది.

"నేను నవ్వులాటకు అంటిని గదమ్మా," అన్నాడతను.

"నవ్వినోళ్ళు ఈడే ఉండారు. వాళ్ళకు వినపడాల."

అమరేష్ తలపాగా సర్దుకున్నాడు. దిక్కులు చూశాడు. గురుప్రసాద్ ఏదో అనబోతే మునిరత్నమ్మ అతని వైపు కూడా చూడకుండా చెయ్యెత్తి ఆపింది. నిమిషాలు పోతున్నాయి. వెనక వరుసలో రైతులు, "అనేయప్పా, సరుకు ఎండలో ఉండాది" అని గొణుగుతున్నారు. ఆంజనప్ప టీవీ చూస్తూ కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు. 7:21. 7:24.

"మునిరత్నమ్మ నా లాటు తుడవలేదు," అన్నాడు అమరేష్ మైకులో, చాలా వేగంగా. "నేను అన్నది తప్పు."

మునిరత్నమ్మ మైకు ఆంజనప్ప చేతిలో పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొదటి పాట 7:27కు పడింది. మంజుశ్రీ అప్పటికే బోర్లించిన బాక్సు మీద కూర్చుని టిక్కు ముందే పడేలా రాసిన ప్రోగ్రాము వరుసలు తీసేస్తోంది. కానీ పేజీ మార్చి ట్యాబ్‌కు పంపాలంటే ఇంకో గంట పడుతుంది. అంత దాకా టిక్కు అబద్ధమాడుతూనే ఉంటుంది. మునిరత్నమ్మ మొదటి లాటు నొక్కింది, టిక్కు పడింది. ఆమె టిక్కు వైపు చూడలేదు, మంజుశ్రీ వైపు చూసింది.

మంజుశ్రీ లాప్‌టాప్ తెర చూసి గట్టిగా, "చేరింది," అంది.

రెండో లాటు. "చేరింది."

మూడో లాటు. "చేరింది."

పదో లాటుకు రైతులు కూడా ఆ మాట కోసం ఆగడం మొదలుపెట్టారు. పాట, నొక్కు, "చేరింది," పక్క వరుస. ఆంజనప్ప తన పాటను ఆ జవాబు పడే దాకా ఒక క్షణం లాగి పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇరవై రెండో లాటు దగ్గర నెట్ తడబడింది. టీవీ మీద పచ్చ టిక్కు నిక్షేపంగా వెలుగుతోంది. మంజుశ్రీ తెర మీద ఎరుపు.

"చేరలేదు!" అని అరిచింది.

మండి మొత్తం ఆగిపోయింది. పోయిన సోమవారం దాకా లాటు పోయిందంటే అందరి చూపూ మునిరత్నమ్మ చేతుల మీద పడేది. ఇప్పుడు అందరూ మంజుశ్రీ నోటి వైపు చూస్తున్నారు. మునిరత్నమ్మ తొందరపడకుండా, కొంగుతో వేలు తుడుచుకుని, మళ్ళీ నొక్కింది.

"చేరింది."

"ఇరవై మూడు," అని ఆంజనప్ప ముందుకు నడిచాడు.